బండికి పంచాంగం ఎక్కించిన వారం

దుర్మతి నామ సంవత్సరం, చైత్ర శుద్ధ పాడ్యమి, మంగళవారం

నడిచే బండి ఉన్న ప్రతి మనిషీ రోజూ చిట్టా రాయాలని కరకట్ట సంఘం నియమం. బండి ఎక్కడికి వెళ్ళింది, ఎందుకు వెళ్ళింది అని. మా గోగులంకలో నడిచే కారు ఒక్కటే, అది నాది. కాబట్టి రాసేదాన్నీ నేనొక్కదాన్నే. ఇవి చదివే నాథుడు ఉన్నాడో లేడో తెలియదు గాని, లేడన్న ధైర్యంతోనే ఇంత విడిగా రాస్తున్నాను. పేరు గుత్తుల సత్యవేణి. ఇవాళ బండి ఎక్కడికీ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో రాయబోతే కోపంతో కలం కాగితాన్ని చించేస్తోంది.

పొద్దున్నే నరహరి సిద్ధాంతిగారు, ఆయన భార్య భ్రమరాంబగారు సంచీతో సహా వచ్చారు. సిద్ధాంతిగారికి మూత్రపిండాలు రెండూ పనిచేయవు. మంగళవారం, శుక్రవారం అమలాపురం ఆసుపత్రిలో డయాలసిస్ యంత్రం పక్కన పడుకోవాలి. మా వైపు లంకలకు ఆ రెండు రోజులే వంతు. ఆయన్ని తీసుకెళ్ళి తీసుకురావడం నా పని. ఇద్దరూ వెనక సీట్లో సర్దుకున్నాక మీట నొక్కాను.

"క్షమించండి. ప్రస్తుతం శుభసమయం లేదు," అంది బండి.

మా బండి పేరు సువాహిని, దాని గొంతు పేరంటానికి పిలవడానికి వచ్చిన ఆడపడుచు గొంతులా ఉంటుంది. కాసేపు ఆగి మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే మాట.

"పోనీ తర్వాత శుభసమయం ఎప్పుడు తల్లీ?" అన్నాను.

"తదుపరి శుభసమయం లేదు."

"ఉగాది పూట అవేం మాటలే!" అని భ్రమరాంబగారు సీటు మీద ఒక్కటిచ్చారు.

సంగతి ఏమిటంటే, ఈ బండి కొన్న రోజున అది నన్ను ఒక ప్రశ్న అడిగింది. మీ ప్రయాణాలు శుభసమయంలోనే సాగాలా అని. అప్పుడు పక్కన సిద్ధాంతిగారు వాహనపూజకు కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ స్థితిలో వద్దనే మనిషి గోదావరి జిల్లాల్లో పుట్టలేదు. అందరిలాగే నేనూ అవునన్నాను. ఆ జవాబు మార్చాలంటే కంపెనీవాళ్ళే మార్చాలి. బండి తన కడుపులో పెట్టుకున్న పంచాంగం చూసుకుని, రోజూ ఏదో ఒక మంచి ఘడియ చెప్పేది, ఆ ఘడియలో కదిలేది. తర్వాత ఆకాశంలో ఉపగ్రహాలన్నీ ఒకేసారి మూగనోము పట్టాయి. రోజూ కంపెనీని అడిగితే తప్ప కదలని కార్లన్నీ ఎక్కడివక్కడ ఆగి కోళ్ళగూళ్ళయ్యాయి. సువాహిని మాత్రం, పంచాంగం తనలోనే ఉండబట్టి, ఇన్నేళ్ళూ తిరిగింది. ఆ పంచాంగం నిన్నటి అమావాస్యతో అయిపోయింది. దానికి దుర్మతి అనే సంవత్సరం ఒకటుందని తెలియదు. తెలియని రోజులన్నీ దాని లెక్కలో చెడ్డరోజులే.

చివరికి పడవ మాట్లాడి కాలువ మీద తీసుకెళ్ళాం. ఎదురు నీరు. ఊరివాళ్ళకు చేయాల్సిన పంచాంగ శ్రవణం సిద్ధాంతిగారు పడవలోనే, పడవవాడితో కలిపి మా ముగ్గురికీ చేశారు. నా రాశికి ఈ ఏడాది రాజపూజ్యం తక్కువ, అవమానం ఎక్కువట. మొదలైందని చెప్పాను.

శుద్ధ విదియ, బుధవారం

బండి స్టీరింగ్ కింద, మోకాలు తగిలేచోట, చిన్న గుండ్రటి మూత ఉంది. దాని వెనక మూడు చిల్లులు. కంపెనీ మనుషులు ఉన్న రోజుల్లో దాంట్లో వైరు గుచ్చి బండితో మాట్లాడేవాళ్ళు. గాలిలో మాటలు పోయినా వైరులో మాటలు పోలేదు కదా అన్నది నా ఆలోచన.

నేను ఒకప్పుడు కంప్యూటర్ సెంటర్ నడిపినదాన్ని. మిగిలిన కంప్యూటర్ ఒక్కటే, దాని మీద ఊరగాయ జాడీలున్నాయి. జాడీలు దింపి, తుడిచి, వెనక చూస్తే పాతకాలపు సీరియల్ పోర్టు నవ్వుతూ కనిపించింది. ఇటు పోర్టు ఉంది, అటు చిల్లులున్నాయి. మధ్యలో కేబుల్ లేదు. అది నేను కట్టాలి.

సీరియల్ కేబుల్ అంటే పెద్ద విద్యేమీ కాదు. అక్షరాలు మన కరకట్ట మీద జనంలాగా ఒకదాని వెనక ఒకటి వెళతాయి. మూడు తీగలు చాలు. ఒకటి మాట్లాడేది, ఒకటి వినేది, మూడోది భూమి. సాయంత్రం భ్రమరాంబగారికి ఇదంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఎప్పటికవుతుందమ్మా?" అన్నారు.

"రెండు రోజుల్లో అయిపోద్దండి," అన్నాను. చెప్పేటప్పుడు నేనూ నమ్మాను.

శుద్ధ తదియ, గురువారం

బండి చిల్లుల్లో సరిపోయే ప్లగ్గు కావాలి. అది బుల్లియ్య దగ్గర ఉంది. బుల్లియ్య మా పక్కింటివాడు, వాడి పెరట్లో వరదలో మునిగి చచ్చిపోయిన, నా బండిలాంటి సువాహినే ఒకటుంది. ముందు సీట్లలో పుంజులు, వెనక సీట్లో పెట్టలు. సీటు కింద ఇంజను నుంచి వచ్చే తీగకు సరిగ్గా అలాంటి ప్లగ్గే ఉంది. ఆ సీటు మీద ఓ పెట్ట గుడ్లు పొదుగుతోంది.

"ఇప్పుడు లేపకక్కా. గుడ్లు మురిగిపోతాయి," అన్నాడు బుల్లియ్య.

"సిద్ధాంతిగారి ప్రాణం మీదికి వచ్చిందిరా."

"ఆయ్, ఆయనకి చెప్పు. ఏ ఘడియలో లేపితే పెట్ట మళ్ళీ కూర్చుంటాదో అడిగిరా. అప్పుడు లేపుదాం."

నేను ఎవరినీ అడగలేదు. పడుకుని సీటు కిందికి చెయ్యి పెట్టాను. పెట్ట నన్ను పొడిచింది. నేను పెట్టను తిట్టాను. బుల్లియ్య నన్ను తిట్టాడు. ప్లగ్గు మాత్రం వచ్చింది, దానితోపాటు మూర తీగ కూడా. పెట్ట గుడ్ల మీంచి కదలలేదు. ఇంత పట్టుదల కంపెనీవాళ్ళకుంటే దివాలా తీసేవాళ్ళు కాదు.

శుద్ధ చవితి, శుక్రవారం

పడవ. వెళ్ళేసరికి యంత్రం దగ్గర మా వంతు సగం అయిపోయింది. సిద్ధాంతిగారి పాదాలు పొంగి ఉన్నాయి. నర్సమ్మ వేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. ఆవిడ నన్ను పక్కకు పిలిచింది.

"ఇవాళ సగమే తీయగలిగాం. మంగళవారం పూర్తిగా చేయించాలి. ఆ వంతు తప్పితే నీరు ఊపిరితిత్తుల్లోకి వచ్చేస్తుంది. తర్వాత తీసుకొచ్చినా నేనేం చెప్పలేను."

తిరిగి వస్తుంటే లాకుల దగ్గర చాటింపు వినిపించింది. సోమవారం నుంచి కాలువలు కట్టేస్తారట, పూడిక తీయడానికి. ప్రతి వేసవిలో చేసేదే. ఈసారి నేనే మరిచిపోయాను. కాలువ కట్టేస్తే పడవ లేదు. ఎద్దుబండి అందామంటే ఉప్పునీరు ఎక్కిన లంకల్లో గడ్డి లేదు, ఎద్దులూ లేవు. మంగళవారం నాడు సువాహిని కదలాలి, లేకపోతే సిద్ధాంతిగారు ఇంట్లో ఉండిపోవాలి.

ఆయన మాత్రం పడవలో వెల్లకిలా పడుకుని, "సత్యవేణీ, కొత్తావకాయ కలిపే రోజులొచ్చాయి. ఒక్క ముక్క నాలిక్కి రాసుకుంటే ఆ నర్సుకి ఎలా తెలుస్తుందంటావు?" అన్నారు.

"రక్తంలో తేలుద్దండి."

"ఆవకాయకి కూడా సాక్ష్యమే!" అని అటు తిరిగి పడుకున్నారు.

శుద్ధ పంచమి, శనివారం

రోజంతా టంకం పని. కడ్డీని బొగ్గుల్లో కాల్చి, పాత రేడియోలో సీసం కరిగించి, మూడు తీగలూ అతికాను. రెండు వేళ్ళు కాలాయి. తీగలు తెగకుండా ఉన్నాయో లేదో చూడటానికి టార్చిలైటు బల్బు, బ్యాటరీ పెట్టి పరీక్షించాను. మూడింట్లోనూ బల్బు వెలిగింది. అంత ఆనందం నాకు పదో తరగతి పాసైనప్పుడు కూడా లేదు.

బండికీ కంప్యూటర్‌కీ కేబుల్ కలిపాను. ఏమీ రాలేదు. ఒక గంట తిట్టాక అర్థమైంది. కంప్యూటర్ మాట్లాడే తీగను బండి మాట్లాడే తీగతో కలిపాను. వినేదాన్ని వినేదానితో కలిపాను. ఇద్దరూ ఒకరి నోట్లో ఒకరు నోరు పెట్టి అరుస్తున్నారు, చెవులు రెండూ ఖాళీగా ఉన్నాయి. పెళ్ళిచూపుల్లో ఇరువైపుల పెద్దల్లాగే అన్నమాట. తీగలు విప్పి అటుదిటు, ఇటుదటు మార్చాలి. మళ్ళీ బొగ్గులు, మళ్ళీ సీసం.

శుద్ధ షష్ఠి, ఆదివారం

తీగలు మార్చాను. బండి గొంతు పన్నెండు వోల్టులు, కంప్యూటర్ చెవి అంత అరుపు తట్టుకోలేదని మధ్యలో రేడియోలోని రెసిస్టర్ పెట్టి గొంతు తగ్గించాను. బల్బు పరీక్ష మళ్ళీ చేశాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి. మీట నొక్కాను.

తెర నల్లగానే ఉంది.

మధ్యాహ్నం దాకా కేబుల్‌లో తప్పు వెతికాను. లేదు. కంప్యూటర్‌లో వెతికాను. లేదు. అప్పుడు స్టీరింగ్ కిందికి దూరి, అద్దం పెట్టి, ఆ మూడు చిల్లులు చూశాను. ప్లగ్గు అంచు పట్టుకుని ఆగింది గాని, లోపల చిల్లులు లేవు. ఎర్రగా, గట్టిగా, పెచ్చుకట్టి ఉంది. సూదితో గీకితే రాలింది. వాసన చూశాను. గంధం, పసుపు, కుంకుమ.

కోపం తలకెక్కి ఆ పెచ్చు అరచేతిలో పట్టుకుని సిద్ధాంతిగారింటికి పరుగెత్తాను. ఆయన మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. పడుకుంటే ఊపిరాడటం లేదట.

"ఇదేటండీ? బండి చెవిలో కుంకుమ పోసిందెవరు?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "నేనే. ప్రతి దసరాకీ ఆ మూత తీసి పెడుతున్నాను కదా," అన్నారు.

"బొట్టు పెట్టడానికి అంత బండిలో మీకు ఆ మూడు చిల్లులే దొరికాయా?"

"మూడు కన్నుల్లా ఉన్నాయమ్మా. ముక్కంటిని చూసి బొట్టు పెట్టకుండా ఎలా పోతాను?"

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదని బిగపట్టాను. ఆయనే ముందు నవ్వారు, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. భ్రమరాంబగారు వీపు నిమురుతూ నా వైపు చూసిన చూపు నేను తట్టుకోలేకపోయాను. వచ్చేసి, పళ్ళు తోముకునే బ్రష్షు, సూది పట్టుకుని కూర్చున్నాను. నీళ్ళు పోస్తే లోపల తుప్పు పడుతుంది, స్పిరిట్ కావాలి. పశువుల మందని చెప్పి బుల్లియ్య ఒక సీసా ఇచ్చాడు. వాడికి పశువుల్లేవు. మూత తీయగానే ఏమిటో తెలిసింది. ముక్కంటికి సారాతో అభిషేకం చేసిన పాపం నాకొద్దు, సీసా ఇచ్చినవాడిదే.

శుద్ధ సప్తమి, సోమవారం

ఇవాళ రాయాల్సింది చాలా ఉంది.

పొద్దున్నే కాలువ కట్టేశారు. నీళ్ళు పోయి బురద తేలింది. పిల్లలు చేపలు పడుతున్నారు.

చిల్లులు ఆరాక కేబుల్ గుచ్చాను. తెర మీద వరసగా అక్షరాలు వచ్చాయి! ఏ భాషా కాదు. పిచ్చిగీతలు, సున్నాలు, కొమ్ములు. నా కేక విని భ్రమరాంబగారు సిద్ధాంతిగారిని నడిపించుకుంటూ వచ్చారు. రెండిళ్ళ దూరానికి ఆయన మూడుచోట్ల ఆగారు. తెర చూసి ఆయన రెండు చేతులూ జోడించారు.

"బీజాక్షరాలు," అన్నారు మెల్లగా.

"కాదండీ బాబూ. వేగం కుదరలేదు. అది గబగబా మాట్లాడుతోంది, ఇది నెమ్మదిగా వింటోంది."

ఒక్కొక్క వేగమే మార్చుకుంటూ పోతే, మధ్యాహ్నం దాటాక, శుభ్రమైన తెలుగులో ఒక వాక్యం వచ్చింది: సువాహిని సిద్ధం. ఆజ్ఞ? నేను ఏడ్చాను. రాయడానికి సిగ్గేమీ లేదు. నా చేత్తో కట్టిన కేబుల్ అది.

అప్పటికప్పుడే అమలాపురం వెళ్ళిపోదామంటే కుదరదు. కరకట్ట మీద ఒక్క బండి పట్టే దారి. పొద్దున వెళ్ళేవాళ్ళకు, మధ్యాహ్నం తర్వాత వచ్చేవాళ్ళకు. వెళ్ళే గేటు మూసేశారు. రేపు పొద్దున్నే వెళ్ళాలి. బండి పంచాంగంలో రోజుకు రెండు గళ్ళున్నాయి, శుభం మొదలు, శుభం ముగింపు. నింపితే చాలు.

"రేపు ఎన్నింటికి పెట్టమంటారండీ?" అన్నాను.

సిద్ధాంతిగారు వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. ఆయన మొహం పాలిపోయింది.

"రేపు వద్దు."

"వద్దంటే?"

"మంగళవారం. అష్టమి. ఉత్తరానికి వారశూల, అటు కదలకూడదు. అమలాపురం మనకి ఉత్తరం. పైగా పునర్వసు. నాది అశ్విని, అంటే నైధన తార, చావు తార. ఒక్క ఘడియ లేదమ్మా. ఇంకొకడు వచ్చి అడిగితే గడప దాటొద్దని చెప్తాను."

"ఇన్నాళ్ళూ మంగళవారాలే వెళ్ళాం కదండీ! ఈ శూల అప్పుడెక్కడుంది?"

"అది కంపెనీ పంచాంగం. బండ్లు అమ్ముకునేవాడు రోజుకో శుభఘడియ పెట్టక ఛస్తాడా? వాడు రాసిన అబద్ధం మీద నేను కూర్చున్నాను. నేను రాసిన అబద్ధం మీద ఎలా కూర్చోమంటావు?"

"మీరు రాయకండి. నేను కొడతాను. రోజంతా శుభమే. మీరు కళ్ళు మూసుకోండి."

"నాకు తెలిసిపోయింది కదా. నేనెక్కను."

"ఎక్కకపోతే చస్తారండీ!"

నోరు జారింది. అయినా నిజమే కాబట్టి వెనక్కి తీసుకోలేదు. ఆయన కోప్పడలేదు. నిండా ఊపిరి అందక, మాట మాటకీ ఆగుతూ చెప్పారు.

"తెలుసమ్మా. అందుకే భయం. నైధన తారలో బయలుదేరితే ఏమవుతుందో నలభై ఏళ్ళ నుంచి ఊరందరికీ చెప్తూ వచ్చాను. రేపు ఆ సీట్లో కూర్చుంటే దారి పొడుగునా నా మాటలే నాకు వినిపిస్తాయి. పోయేవాణ్ణి ఇంట్లోనే ప్రశాంతంగా పోతాను."

నాకు ఆ కేబుల్ పీకి ఆయన మీదికి విసరాలనిపించింది. వారం రోజులు కాళ్ళావేళ్ళా పడి బండిని ఒప్పిస్తే, మనిషి ఒప్పుకోడు. బండి నయం, దానికి మూడు తీగలతో సరిపోయింది.

అంతసేపూ భ్రమరాంబగారు గుమ్మం పక్కన కూర్చుని ఆయన కండువా మడతపెడుతున్నారు. మడత అయ్యాక అడిగారు.

"ఏవండీ, ఇవాళ ఎలా ఉంది?"

"ఇవాళా? ఇవాళ ఆర్ద్ర. సాధన తార. సాయంత్రం నాలుగు దాటాక దివ్యంగా ఉంది. ఏం లాభం? గేటు మూసేశారు."

"పరస్థానం పెడితేనో?"

సిద్ధాంతిగారు కళ్ళజోడు తీసి ఆవిడ వైపు తిరిగారు.

చదివేవాళ్ళు కుర్రకారైతే తెలియకపోవచ్చు గనక రాస్తున్నాను. ముహూర్తం ఇవాళ బాగుండి ప్రయాణం రేపైతే, ఇవాళ్టి మంచి ఘడియలోనే మన సంచో బట్టలో గడప దాటించి పొరుగింట్లో పెడతారు. దాన్ని పరస్థానం అంటారు. అక్కడితో మనిషి బయలుదేరినట్టే. మర్నాడు కదిలితే అది కొత్త ప్రయాణం కాదు, నడుస్తున్న ప్రయాణమే.

"శాస్త్రంలో ఉంది," అన్నారు సిద్ధాంతిగారు. "సామాన్యుడికి అయిదు రోజుల దాకా చెల్లుతుంది. నాకెందుకు తట్టలేదు?"

"మీకు జ్వరమొస్తే కషాయం కూడా నేనే గుర్తుచేయాలి," అన్నారు ఆవిడ.

శాస్త్రం ఒప్పుకుంది, మరి బండి? కేబుల్ మీద దాన్నే అడిగాను, యాత్ర మధ్యలో చెడు ఘడియ వస్తే ఏం చేస్తావని. జవాబు వచ్చింది: యాత్ర సాగుతుండగా ముహూర్త పరిశీలన ఉండదు. నిజమే, రాహుకాలం వచ్చిందని నడిరోడ్డు మీద బండి ఆగిపోతే కంపెనీ పరువేం కావాలి? బయలుదేరేటప్పుడే చూస్తుంది. ఒకసారి కదిలాక, ఆపే మీట నొక్కనంతవరకు దాని లెక్కలో అది దారిలో ఉన్నట్టే.

సిద్ధాంతిగారు ఇవాళ్టి ఘడియలు చెప్పారు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా. నేను కొట్టాను. నాలుగు దాటాక మీట నొక్కాను.

"శుభసమయం. శుభయాత్ర!" అంది సువాహిని.

ఆయన సంచి, కండువా వెనక సీట్లో పెట్టి, బండిని మా గుమ్మం దాటించి బుల్లియ్య పెరట్లో నిలబెట్టాను. ఆపే మీట మీద గిన్నె బోర్లించి గుడ్డతో కట్టేశాను, ఎవరూ నొక్కకుండా.

శుద్ధ అష్టమి, మంగళవారం

పొద్దున్నే వెళ్ళేసరికి బుల్లియ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆగని బండికి దీపాలు కూడా ఆగలేదట. తెల్లారిందనుకుని పుంజులు రాత్రంతా కూశాయట.

"మీ సిద్ధాంతిగారి ప్రయాణం మంచిదేగానక్కా, పొరుగోడి నిద్ర సంగతి శాస్త్రంలో ఏం రాయలేదా?" అన్నాడు. అంటూనే సిద్ధాంతిగారిని రెండు చేతులా ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు.

సిద్ధాంతిగారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. మంత్రమేమో అనుకున్నాను. చెవి పెడితే, "నిన్ననే బయలుదేరాను, నిన్ననే బయలుదేరాను," అని జపం. భ్రమరాంబగారు ఆయన చెయ్యి వదల్లేదు. నేను మీట ముట్టుకోకుండా బండిని ముందుకు పోనిచ్చాను. సువాహిని కిక్కురుమనలేదు. మంగళవారం, అష్టమి, ఉత్తర దిక్కు. నాకూ లోపల గుబులుగానే ఉంది. నేను వీటిని నమ్మనని అందరికీ చెబుతుంటాను.

గేటు దగ్గర కాపలావాడు వివరాలడిగాడు.

"ఎక్కడి నుంచండీ?"

"గోగులంక."

"ఎప్పుడు బయలుదేరారు?"

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి సిద్ధాంతిగారు, కళ్ళు తెరవకుండానే, "నిన్న నాలుగింటికి," అన్నారు.

వాడు మా వైపు, బండి వైపు, కనుచూపు మేరలో ఉన్న గోగులంక వైపు చూశాడు. "మరీ అంత నెమ్మదిగా నడుపుతున్నారేటండీ, ఆడోళ్ళు?" అన్నాడు. ఇంకో రోజైతే వాడి సంగతి చూసేదాన్ని.

ఆసుపత్రిలో మా వంతు మొదలవకముందే చేరాం. స్ట్రెచరు తెచ్చారు. నేను బండిలోనే కూర్చున్నాను, ఎవరైనా పుణ్యాత్ముడు దీపాలు వెలుగుతున్నాయని ఆపే మీట నొక్కేస్తాడేమోనని. లోపల ఏం జరుగుతోందో తెలియక ఆ సీట్లో కూర్చోవడం కంటే టంకం కడ్డీతో వేళ్ళు కాల్చుకోవడమే తేలిక. ఎండ నెత్తికెక్కి దిగేదాకా ఎవరూ రాలేదు. చివరికి నర్సమ్మ వచ్చి అద్దం మీద కొట్టింది.

"నీరంతా తీసేశాం. ఇంకొక్క రోజు ఆలస్యమైతే నా చేతిలో ఉండేది కాదు. ఆకలంటున్నారు. పప్పులో ఉప్పు లేదని నన్ను తిట్టారు కూడా."

తిట్టారంటే బాగున్నట్టే. నేను ఆపే మీట మీది గిన్నెకు కట్టిన గుడ్డ మరోసారి బిగించాను.

వచ్చేటప్పుడు ఆయన కళ్ళు తెరిచే కూర్చున్నారు. దారిలో ఉప్పుమళ్ళు చూశారు, కొంగల్ని చూశారు, నా డ్రైవింగ్‌కి వంకలు పెట్టారు. సాయంత్రానికి మా ఇంటి ముందు దిగారు. భ్రమరాంబగారి భుజం పట్టుకుని నిలబడ్డారు. పాదాల పొంగు తగ్గి చెప్పులు సరిపోయాయి.

అప్పుడు బండి ఇంటి గుమ్మం గుర్తుపట్టి మాట్లాడింది.

"మీరు బయలుదేరిన చోటికి తిరిగి చేరారు. యాత్ర ముగిసిందా?"

ముగిసిందంటే మళ్ళీ మొదటికి వస్తాం. శుక్రవారానికి మళ్ళీ ఘడియలు, మళ్ళీ శూలలు, మళ్ళీ భయం. ముగియలేదంటే ఇంటి గుమ్మం ఎదుటే నిలబడి అబద్ధం చెప్పినట్టు. సిద్ధాంతిగారి సంగతి నాకు తెలుసు. ఆయన వినకుండా లేదు అని కొట్టేద్దామని గుమ్మంలో వేలాడుతున్న కేబుల్ కోసం చెయ్యి చాపాను.

"ఆగు," అన్నారు ఆయన.

భ్రమరాంబగారి భుజం వదిలి, రెండడుగులు తనే వేసి, బండి తలుపు పట్టుకుని లోపలికి వంగారు. చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు.

"ముగియలేదు తల్లీ. నేనింకా దారిలోనే ఉన్నాను."

భ్రమరాంబగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ మాటలో అబద్ధం ఎక్కడుందా అని ఇప్పటిదాకా వెతుకుతున్నాను, దొరకలేదు. సంఘంవారికి తెలియజేయునది: ఈ రోజు బండి అమలాపురం వెళ్ళి వచ్చింది. యాత్ర ముగియలేదు.